కొసరు

మా వీధిలోకి వచ్చే కూరల బండి అతను ఒకప్పుడు అడక్కుండానే సంచీలో రెండు రెబ్బల కరివేపాకు పడేసేవాడు. మరిచిపోతే మనమే చెయ్యి పెట్టి తీసుకునేవాళ్లం. ఒకరోజు అలవాటుగా చెయ్యి చాపాను. "కల్యామాకు కట్ట పది రూపాయలమ్మా" అన్నాడు. హైదరాబాదులో దాని పేరు అదే. పది రూపాయలకి కాదు, కొసరు పోయిందే అని మనసు చివుక్కుమంది. ఆ పౌరుషంతో నర్సరీకి పోయి మొక్క తెచ్చాను. మొక్క, కుండీ, ఎర్రమట్టి, వర్మికంపోస్టు అన్నీ కలిపితే ఎన్ని కట్టలు వచ్చేవో మావారు ఇప్పటికీ లెక్క చెబుతుంటారు.

ఏడాది పాటు అది తెచ్చినప్పుడు ఎంతుందో అంతే ఉంది. అత్తయ్యగారు పుల్లమజ్జిగ పొయ్యమన్నారు, పోశాను. మజ్జిగే పనిచేసిందో, వేళ్లే కుదురుకున్నాయో, రెండో వేసవికి చిగుళ్లు తొడిగింది. నేను ఆనందం పట్టలేక ఆకులు దూసి పోపులో వేస్తుంటే, "దూయకమ్మా, కొన తుంచు" అన్నారావిడ. ఆకులు దూస్తే ఈనె మోడులా మిగులుతుంది. కొన తుంచితే కింది కణుపుల్లోంచి కొత్త కొమ్మలు పుడతాయి. కోసినకొద్దీ గుబురెక్కే చెట్టని నాకు అప్పటిదాకా తెలీదు.

పక్క కుండీల్లో కొత్తిమీర, పుదీనా కూడా చేరాయి. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. చపాతీ కర్రతో మెల్లగా నలిపి, బద్దలు చేసి చల్లితే పది పన్నెండు రోజులకి మొలకలు. నాటింది పీకి ఇంకోచోట పెడితే మాత్రం అలుగుతుంది. ఎండలు ముదిరాయా, ఆకు సన్నగా చీలిపోయి, కాడ పైకి లేచి పూతకొస్తుంది. ఇక పచ్చడి ఆశ వదులుకోవడమే. పుదీనాకి అంత టెక్కు లేదు. ఆకు గిల్లుకున్నాక మిగిలిన కాడల్ని గ్లాసు నీళ్లలో పెడితే వేళ్లొస్తాయి. దానికి విడిగా కుండీ ఇవ్వాలి, లేకపోతే పక్కవాళ్ల కుండీ కూడా తనదే అంటుంది.

అమెరికాలో మా చెల్లెలి ఇంట్లో కరివేపాకు చెట్టుకి మనిషికి చేసినంత సేవ. చలికాలం రాగానే కిటికీ పక్కకి చేరుస్తారు, అయినా ఆకు రాలుస్తుంది. ఇక్కణ్ణుంచి పట్టుకెళదామంటే పచ్చి కరివేపాకుని ఆ దేశంలోకి రానివ్వరు. దాని మీద బతికే ఓ చిన్న పురుగు నారింజ చెట్లకి తెగులు మోస్తుంది. 2005లో ఆ తెగులు ఫ్లోరిడాలో బయటపడి తోటలకి తోటలనే దెబ్బతీసింది. అందుకని మా చెల్లెలు పోపుకి ఆరాకులు లెక్కపెట్టి వేస్తుంది. 'కూరలో కరివేపాకులా తీసి పారేశారు' అనే మాట వాళ్ల పిల్లలకి అర్థం కాదు. ఆ ఇంట్లో కంచం అంచున కరివేపాకు మిగలగా నేనైతే చూడలేదు.

నారింజ పురుగుకి దీనితో పనేమిటంటే, కరివేపాకు నిమ్మ కుటుంబంలోది. ఈ సంగతి నాకు చెప్పింది ఓ సీతాకోకచిలుక. ఒక పొద్దున ఆకు మీద పిట్ట రెట్ట కనిపించి వేలితో తుడవబోతే అది కదిలింది! నిమ్మచెట్ల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక పిల్ల. కొన్నాళ్లకి ఆకుపచ్చ గొంగళిపురుగైంది. ముట్టుకుంటే తలమీంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికి తోసి, ఘాటు వాసన కొట్టింది. అలాంటివి నాలుగు. నా రెండేళ్ల చిగుళ్లని వారంలో బోడి చేశాయి. తీసి పారేద్దామనే అనుకున్నాను. ఈలోగా ఒకటి కొమ్మకి సన్నటి దారంతో నడుము కట్టుకుని గూడై కూర్చుంది. మిగిలినవి ఎటు పోయాయో కనపడలేదు. ఇక ఆ కొమ్మ ముట్టుకోబుద్ధి కాలేదు.

మర్నాడు పులిహోర కలపాలి. బండి దగ్గరికి దిగి, పది రూపాయలు ఇచ్చి కట్ట తీసుకున్నాను.

"మీ ఇంట్ల చెట్టుందన్నరు గదమ్మా?" అన్నాడు.

"ఉంది. ఈ వారం కొయ్యడానికి లేదు."

అర్థమైనట్టు తలూపి, సంచీలో రెండు పచ్చిమిరపకాయలు వేశాడు.