ఇంటి టేపునకు పడిన తాళము

వీడియో టేపు అను వస్తువును నేటి విద్యార్థులలో పలువురు చేతబట్టి చూచి యుండరు. మన దేశమున 1982లో రంగుల టెలివిజను వచ్చిన పిమ్మట, కృష్ణా మండలమునందు పెండ్లికి వీడియో తీయించుట క్రమముగా ఆచారమయ్యెను. అరంగుళము వెడల్పు గల అయస్కాంతపు నాడాపై స్నాతకము మొదలు అప్పగింతల వఱకు సమస్తమును నిలిచి యుండెడిది. ఆ టేపులను ఆడించు యంత్రములు మాత్రము నిలువలేదు. వానిని తుదివఱకు తయారుచేసిన జపానుదేశపు ఫునాయ్ సంస్థ సయితము 2016 జూలైలో ఆ పనిని మానినది. కావున పాత టేపులలోని బొమ్మను కంప్యూటరునకు ఎక్కించుకొనుటయే గృహస్థులకు మిగిలిన త్రోవ. ఆ త్రోవలో మాకెదురైన యొక చిక్కును, అది విడిన విధమును, ఇట్టి టేపులు ఇంటనున్న వారికి ఉపకరించునని తలంచి యిచట వ్రాయుచున్నాము.

మా యింట 1991 నాటి మా మేనత్తగారి వివాహపు టేపొకటి కలదు. కన్యాదాన సమయమున మా తాతగారు పలికిన నాలుగు మాటలు దానియందున్నవి. వారు 1994లో కాలధర్మము నొందిరి. వారి కంఠస్వరము మఱియెచ్చటను మిగిలి యుండలేదు. మా నాయనమ్మగారు ఆ స్వరము నొక్కమాఱు వినగోరగా, టేపును బెంజ్ సర్కిల్ సమీపమున నున్న యొక దుకాణమునకు గొనిపోతిమి. మఱునాడు దుకాణదారుడు, "ఇది కాపీ చేయగూడని టేపండి, యంత్రమే ఒప్పుకోవడం లేదు" అని తిరిగి యిచ్చెను. కంప్యూటరు తెరపై అదే మాట కనబడుచుండెను. మా పెండ్లి టేపునకు తాళము వేసిన పరులెవ్వరని మేము విస్తుపోతిమి.

ఆ తాళము వృత్తాంతము తెలిసికొనదగినది. అమ్మకపు సినిమా క్యాసెట్లను జనులు నకలు తీయకుండుటకై మాక్రోవిజన్ అను పద్ధతి అమెరికాలో పుట్టినది. 1985లో 'ది కాటన్ క్లబ్' అను చిత్రపు క్యాసెట్టుతో అది వాడుకలోనికి వచ్చెను. మన దేశమున వాడిన పాల్ పద్ధతిలో నొక్కొక్క బొమ్మకు 625 గీతలుండును. అందు 576 మాత్రమే బొమ్మను చూపును. తక్కినవి కంటికి కానరావు. ఆ మఱుగు గీతలలో దొంగ సంకేతములను చొప్పింతురు. నకలు తీయు యంత్రము బొమ్మ వెలుగును తనంతట కొలిచి సరిచేసికొనునది గనుక, ఆ సంకేతములచే మోసపోవును. నకలులోని బొమ్మ ఒకసారి చీకటియై ఒకసారి వెల్లనై చెడును. నేటి కంప్యూటరు పరికరములు పెక్కు ఆ సంకేతములను గుర్తించి పనినే నిలిపివేయును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. చెమ్మ పట్టియో, సాగియో, బూజు పట్టియో చెడిన టేపులో మఱుగు గీతలు తమంతట తామే తడబడును. పరికరము ఆ తడబాటును తాళమని యెంచును. త్రాడును జూచి పామనుకొనుట వంటిదే యిది. టేపు ఎవరిదో యంత్ర మెఱుగదు.

పిదప మేము వరుసగా పరీక్షించితిమి. మొదట టేపును నేరుగా టెలివిజనులో ఆడించితిమి. తాళము గల సినిమా క్యాసెట్టు అట్లు ఆడించినపుడు సాధారణముగా చక్కగనే కనబడును. మా టేపులో బొమ్మ పైభాగము వంగి వణకుచుండెను. దోషము టేపునందే యని దీనివలన తోచినది. రెండవది, మంచి స్థితిలోనున్న మఱియొక ఇంటి టేపును అదే పరికరమున ఎక్కింపగా అడ్డు రాలేదు. మూడవది, పరికరము పాల్ పద్ధతికి అమరియున్నదా యని చూచితిమి. అమెరికాలోని బంధువులు పంపిన టేపులైనచో 525 గీతల ఎన్‌టీఎస్‌సీ పద్ధతికి మార్చవలెను.

నాలుగవది, క్యాసెట్టు మూత యెత్తి చూడగా నాడా అంచున తెల్లని బూజు కనబడెను. బూజు టేపును అట్లే ఆడింపరాదు. అది యంత్రమునకును, దానినుండి తక్కిన టేపులకును ప్రాకును. తెలిసిన పనివానిచే నాడాను తుడిపించి, యంత్రపు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రము చేయించితిమి. హెడ్డును క్రిందికిని మీదికిని రుద్దిన విఱుగును. గుడ్డను కదలక పట్టి, డ్రమ్మునే త్రిప్పవలెను. ఐదవది, ట్రాకింగు మరను సవరించితిమి. వణకు తగ్గెను గాని అడ్డు తొలగలేదు. తుదకు టైమ్ బేస్ కరెక్టర్ అను పరికరమును మిత్రుని యొద్ద ఎరువు తెచ్చి నడుమ నుంచితిమి. అది తడబడు గీతలను తనలో నిలుపుకొని, సరియైన కాలమునకు వరుసగా విడుచును. ఆ పిమ్మట తెరపై అభ్యంతరము రాలేదు.

ఇది చట్టవిరుద్ధము కాదా యని కొందఱు అడిగిరి. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షను ప్రకారము, సొమ్మిచ్చి తీయించిన చిత్రమునకు, వేఱు ఒప్పందము లేనిచో, తీయించినవారే తొలి హక్కుదారులు. పరుల హక్కును హరించు తలంపుతో తాళము తీయుట 2012లో చేర్చిన 65ఏ సెక్షను ప్రకారము నేరము. కావున సినిమా క్యాసెట్టునకు ఈ ఉపాయము వాడరాదు. మన పెండ్లి టేపు మాట వేఱు.

నాయనమ్మగారు వినికిడి యంత్రమును సవరించుకొని ఆ నాలుగు మాటలను మూడుమాఱులు వినిరి. "గొంతు అదే" అని మాత్రము పలికిరి.

2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇండ్లలో నీరు నిలిచినపుడు, నేల పెట్టెలలోని వస్తువు లెన్నియో తడిసిపోయినవి. కావున ఓ విద్యార్థులారా, ఈ సెలవులలో మీ యింటి టేపులను వెదకి, ఎవరి వేడుకయో, ఏ సంవత్సరమో పెద్దల నడిగి వానిపై వ్రాయుడు. యంత్రము కాదన్నంతనే పాఱవేయవలదు. నకలు రెండు చోట్ల దాచి, అసలు టేపును పొడిచోట నిలువుగా నుంచుడు. చెప్పగల పెద్దలు ఇంట నుండగనే ఈ పని యారంభింపుడు.