మా యింట నొక విద్యార్థిని

మా తాతగారు గద్వాలలో వారములు చెప్పుకొని చదువుకొన్నవారు. సోమవార మొక యింట, మంగళవార మొక యింట భోజనము. తిన్నందులకు ఆ యింటి బావినీరు తోడవలెను, వారి పిల్లలకు అక్షరములు దిద్దింపవలెను. విద్వద్గద్వాల యని పేరు గన్న యూరది. సంస్థానము వారు పండితులను రప్పించి సంభావనలిచ్చిరి. పండితుడు కాగోరు పిల్లవానికి మాత్రము వారములే గతి. మా తండ్రిగారు మాకింటనే అమరము వల్లె వేయించుచు ఈ సంగతి పలుమారు చెప్పి, "అన్నము పెట్టిన వారెవ్వరును వానికి చదువుకొన వేళ యున్నదా యని యడుగలేదమ్మా" యనెడివారు. విన్నాము గాని ఆ మాట చెవి దాటి లోనికి పోలేదని తరువాత తెలిసినది.

మా వారు వనపర్తిలో ఉపాధ్యాయులు. మా వదినగారిది నాగర్‌కర్నూలు దగ్గరి పల్లె, సేద్యపు కుటుంబము. వారి కుమార్తె డిగ్రీ ముగించి, ప్రవేశపరీక్ష వ్రాసి, మా యూరి స్నాతకోత్తర కేంద్రమున సీటు సంపాదించినది. పూర్వము మా ప్రాంతపు బిడ్డలు ఇట్టి చదువులకు చాలవరకు హైదరాబాదునకే పోయెడివారు. 2008లో మహబూబ్‌నగరమున పాలమూరు విశ్వవిద్యాలయ మేర్పడినది. వనపర్తి, గద్వాల, కొల్లాపురములలో దాని కేంద్రములు వెలసినవి. వనపర్తికి విద్యార్థులు క్రొత్త గాదు. రాజుగారి భవనమున పాలిటెక్నిక్ 1959లోనే వచ్చినది. 2016లో జిల్లా కేంద్రమైన పిమ్మట, 2022లో వైద్య కళాశాలయు వచ్చినది. ఉదయము బస్‌స్టాండునకు పోయి చూడుడు, పుస్తకముల సంచులు తప్ప మరేమియు గానరాదు.

"అద్దెగది యేల? మేము లేమా?" యని వదినగారితో మేమే యంటిమి. కొంత గొప్పకే యంటిమి.

ఆ పిల్లకు మొదటి కష్టము భాష. డిగ్రీ వరకు తెలుగున చదివినది. ఇక్కడ పాఠములు ఆంగ్లమున. ఒక్కొక్క మాటకు అర్థము వెదకి, తెలుగున వ్రాసికొని, మరల ఆంగ్లమున చదువుకొనెడిది. పుట ఒకటికి గంట పట్టెడిది. తామరపువ్వునకు అమరమందలి పేర్లన్నియు ఏకరువు పెట్టగల మేము ఆమె పుస్తకమున ఒక్క మాటకైనను సాయపడలేకపోతిమి. రెండవ కష్టము ఊరు. పల్లెలో గడప దాటిన ప్రతివారును పలుకరించెడివారు. ఇచట వీధి చివరివరకు నడచినను పేరు పెట్టి పిలుచు వారు లేరు. మొదటి నెలలో సాయంకాలములందు మెట్లమీద కూర్చుండి ఊరక వీధి చూచుచుండెను. మేమది చూచి, పనిలో పడిన దిగులు తీరునని తలచి, కూర తరుగుమని కత్తిపీట చేతికిచ్చితిమి.

అటనుండి పని దానంతట నదియే పెరిగినది. ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు. మూడవ నెలలో మా పనిమనిషి మానివేసినది. క్రొత్త మనిషిని వెదకుట మేము మరచితిమి. మరచితిమని వ్రాయుచున్నాము గాని, అవసరము తోచలేదనుట నిజము.

మొదటి సెమిస్టరు ఫలితములు వచ్చినవి. ఒక పేపరు తప్పినది. మేము తప్పంతయు ఫోనుమీద మోపితిమి. వదినగారికిని ఆ మాటయే చేరవేసితిమి. 2023 డిసెంబరు 9 మొదలు ఆడువారికి ఆర్టీసీ బస్సులలో టికెట్టు లేదు గనుక ఆమె మరునాడే వచ్చి, బిడ్డను మా యెదుటనే నాలుగు మాటలని, సాయంకాలపు బస్సున వెడలిపోయినది. అమ్మాయి తలయెత్తలేదు.

మా వారికి దేనికైనను టైంటేబులు వేయుట యలవాటు. "నీ దినమంతయు గంటల ప్రకారము వ్రాసి యిమ్ము, కాలమెచట పోవుచున్నదో చూతము" అనిరి. వ్రాసి యిచ్చినది. 5 గంటలకు వాకిలి, నీరు పట్టుట, పిల్లల టిఫిను డబ్బాలు. తొమ్మిదిన్నరకు తరగతులు. నాలుగున్నరకు తిరిగి రాక, టీ, బట్టలు మడచుట, పిల్లల లెక్కలు, రొట్టెలు, అంట్లు. పదింటికి దీపమార్పుట మా యింటి కట్టడి. నడుమ ఒక్కచోట "బియ్యము ఉడుకువరకు చదువు" అని యుండెను. దాని కెదురుగా 40 నిమిషములు.

మా వారు ఆ కాగితము మా చేతి కిచ్చి, చెప్పులు తొడిగికొని బయటికి పోయిరి. మాకు మొదట కోపమే వచ్చినది. "మేము చేయుమంటిమా?" యని యడిగితిమి. "ఊరికె కూసొని తింటె ఎట్ల అత్తమ్మా?" అన్నది. అంతకు మించి యేమియు ననలేదు. తాతగారి బావి అప్పుడు జ్ఞప్తికి వచ్చినది.

వేరుసెనగ బస్తాలుండు గది ఖాళీ చేయించి, బల్లయు వేరుగ దీపమును పెట్టించితిమి. పనిమనిషిని కుదుర్చుకొంటిమి. తరగతులనుండి వచ్చిన పిదప రాత్రి భోజనమువరకు ఆ గది తలుపు కొట్టరాదని పిల్లలకు చెప్పితిమి. మొదటివారము దానిని మీరినవారము మేమే, మజ్జిగ యిచ్చు నెపమున. బొత్తిగా పనిలేకుండ ఆ పిల్ల యుండలేకపోయెను. పిల్లల లెక్కలు మాత్రము తనకు విడువుమని యడిగినది, అరగంట. సరే యంటిమి. తప్పిన పేపరు తరువాత గట్టెక్కినది.

రెండవ సంవత్సరము మొదటనే, సహపాఠినులిద్దరితో గది తీసికొందునని చెప్పినది. చెప్పవద్దూ, మాకు మనసు కష్టమైనది. ఇంత చేసినను నిలువదా యని రెండు దినములు ముభావముగ నుంటిమి. సామాను చేర్చు నాడు మేమును వెంట పోయితిమి. మూడు మంచములు, ఒక స్టవ్వు. గోడకు కాగితమొకటి అంటించియుండెను. సోమవారము ఒకతె వంట, మంగళవారము వేరొకతె, అటు పిమ్మట మా పిల్ల, మరల మొదటి యామె. వారములు వారిలో వారే చెప్పుకొనిరి. ఆదివారమున కెదురుగ "అత్తమ్మ" అని మాత్రము వ్రాసియుండెను.

ఆ నాటి జొన్నరొట్టెలు మేమే కాల్చుదుము. ముగ్గురును వత్తురు.