పటం కట్టించే ముందు

మన ఇళ్లలో అన్నిటికన్నా హడావిడిగా ప్రింటు వేయించే ఫోటో ఒకటుంది. మనిషి పోయాక పెద్దకర్మలోగా గోడకెక్కాల్సిన ఫోటో. ఫోన్‌లో వేల ఫోటోలుంటాయి గానీ ఆయనొక్కడే ఉన్నది వెతికితే ఒక్కటీ దొరకదు. చివరికి మేనకోడలి పెళ్లిలో పదిమంది వరసగా నిలబడ్డది తేలుతుంది. అదీ డల్లాస్ అల్లుడు ఎప్పుడో వాట్సాప్‌లో పంపింది. అందులోంచి ముఖం కత్తిరించి 12x15 చెయ్యమని స్టూడియోకి పరిగెడతాం. వచ్చినదాన్ని చూసి, "ఏంటండీ ఇలా అలికేశారు?" అని స్టూడియో అతని మీద పడతాం.

పాపం, అతనేం చేస్తాడు? చేత్తో పట్టుకుని చూసే ప్రింటు తేటగా రావాలంటే అంగుళానికి 300 పిక్సెళ్లుండాలి. గోడమీదైతే 150, 200 ఉన్నా నడుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది. పదిమందికీ వాటాలేస్తే మనిషికి 160. ముఖానికి అరవై దక్కితే గొప్ప. ఆ అరవైని ఆరంగుళాలకి సాగదీస్తే అంగుళానికి పది! సెంటర్‌లో కట్టే ఫ్లెక్సీకైతే ఇంత పట్టింపు లేదు, దాన్ని రోడ్డవతల నుంచి చూస్తాం కాబట్టి.

ఇప్పుడు దీనికీ ఏఐ అని ఒక మందొచ్చింది. నొక్కగానే కనురెప్పల వెంట్రుకలతో సహా ముఖం మెరిసిపోతుంది. కాకపోతే అవి ఆయన కళ్లు కావు. ఎవరెవరివో లక్షల ముఖాలు నేర్చుకున్న యంత్రం, లేని పిక్సెళ్లను ఊహించి నింపిన కళ్లు. ఆ సోకు కన్నా కాస్త మసకబారిన అసలు ముఖమే నయమంటాను. 12x15కి చాలకపోతే 5x7 వేయించండి, గోడేం అలగదు.

అంతకన్నా ముందు ఆ పెళ్లి తీసిన ఫోటోగ్రాఫర్‌కి ఫోన్ చెయ్యండి. అతని హార్డ్‌డిస్కులో 6000 పిక్సెళ్ల వెడల్పున్న అసలు ఫైలుంటే, అదే ముఖానికి రెండొందల పైచిలుకు దక్కుతాయి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే షాపులో కుర్రాడు తలెత్తకుండా, "వాట్సాప్ చేసెయ్యండి సార్" అంటాడు. లొంగకండి. మరీ తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఫైలు తగ్గదు.

రంగుల సంగతి మరోటి. ఫోన్ తెర తనే వెలుగుతుంది, కాగితం మీద పడ్డ వెలుగునే తిరిగిస్తుంది. అందుకే తెరమీద నిండుగా ఉన్నది ప్రింటులో చీకటిగా వస్తుంది. తెర వెలుగు సగానికి తగ్గించి చూస్తే ప్రింటు ఎలా వస్తుందో సుమారుగా తెలుస్తుంది. చాలకపోతే ఫోటోకే కాస్త వెలుగు పెంచాలి. ఆ పని షాపువాళ్లకి వదిలేస్తే వాళ్లు పెంచేది వెలుగు కాదు, తెలుపు. అడక్కుండానే చామనచాయ మనిషిని దొరసాని చేసి చేతిలో పెడతారు. ముందు ఒక 4x6 తీయించి, ఎండపొడలో పట్టుకుని బొట్టూ చీరంచూ చూడండి. అవి కుదిరితే మిగతావీ కుదిరినట్టే. అన్నట్టు, ఫోన్ ఫోటో 4:3 కొలత. 4x6 కాగితం మీద నిండా వేస్తే అర అంగుళం ఎగిరిపోతుంది, ఒక్కోసారి ఎవరి తలో కూడా. 6x8 అడిగితే ఆ గొడవ లేదు.

ఫ్రేములో అద్దానికీ ఫోటోకీ మధ్య మౌంటు అట్ట పెట్టించాలి. లేకపోతే కోస్తా ఉక్కకి కొన్నేళ్లలో గ్లాసీ ప్రింటు అద్దానికి అంటుకుపోతుంది. ఆపైన లాగితే ఫోటో పొరే ఊడొస్తుంది.

ఇన్ని తంటాలూ పడలేక, మొన్న పండక్కి మా పెద్దమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒక్కర్తినీ ఫోటో తీయబోయాను. ఆవిడ నా వంక ఎగాదిగా చూసి, "పటానికేగా?" అంది. నాకు నోరు పెగల్లేదు. "ఉండు మరి, ఈ పాత చీరతోనా? ఆ గద్వాల చీర కట్టుకొస్తా" అని లోపలికెళ్లింది.