సముద్రం లేని ఊళ్లో అలల సెలవులు

‘బాపూ, ఈసారి సముద్రానికి పోదామా?’

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, నిర్మల్‌లో చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. టీవీలో విశాఖ బీచ్ చూసి ఉంటారు. లేదంటే బళ్లో పక్క బెంచీవాడు సూర్యలంక వెళ్లొచ్చి గవ్వలు చూపించి ఉంటాడు. మరి మనకేమో ఏ దిక్కున చూసినా కొండలూ అడవులూ పత్తి చేలూ! దగ్గర్లోని సముద్రం చూడాలన్నా 500 కిలోమీటర్లకు పైనే వెళ్లాలి. నిర్మల్ పట్టణానికి రైలు కూడా లేదాయె. అలాగని దారే లేదనుకోకండి. బాసర వెళ్లి రాత్రిపూట ఆదిలాబాద్ నుంచి వచ్చే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు బాపట్లలో దిగొచ్చు. అక్కణ్నుంచి సూర్యలంక పది కిలోమీటర్లలోపే. కానీ రానూ పోనూ రెండు రోజులు రైల్లోనే అయిపోతాయి. చిన్నపిల్లలున్నవాళ్లకు ఒడ్డున గడిపే సమయం కన్నా సామాను సర్దుకునే సమయమే ఎక్కువవుతుంది.

అందుకే ఓ మాట. పిల్లలు సముద్రం కావాలన్నప్పుడు వాళ్లు అడిగేది ఉప్పునీళ్లు కాదు. అంతు కనిపించని నీరు, చెవులు హోరెత్తే చప్పుడు, కాళ్లు తడుపుకోవడం, ఇసుకలో గూళ్లు కట్టుకోవడం, ఇంటికొచ్చేటప్పుడు చేతిలో ఓ బొమ్మ. లెక్కేసి చూస్తే ఇవన్నీ నిర్మల్ చుట్టుపక్కలే ఉన్నాయి. కాకపోతే ఒక్కచోట లేవు. పైగా ఎక్కడ చూడాలో, ఎక్కడ తడవాలో పెద్దలకు కచ్చితంగా తెలిసి ఉండాలి. ఆ తేడా తెలియకే ఇక్కడ ఏటా ప్రాణాలు పోతున్నాయి.

ఎండాకాలం కాదు, దసరాకే

సముద్రం ఏడాది పొడుగునా ఉంటుంది. మన నీళ్లకు మాత్రం రుతువులుంటాయి. వేసవి సెలవుల్లో కుంటాల వెళితే నల్లటి బండల మధ్య సన్నటి ధార కనిపిస్తుందంతే. పిల్లలు ముఖం వేలాడేస్తారు. జులై, ఆగస్టుల్లో హోరు బ్రహ్మాండంగానే ఉంటుంది కానీ వాగులు ఎప్పుడు పొంగుతాయో చెప్పలేం. వానలు తగ్గుముఖం పట్టి, నీళ్లు మాత్రం తగ్గని దసరా సెలవులే సరైన సమయం. పొద్దున జలపాతం, సాయంత్రం వాకిట్లో బతుకమ్మ. పైగా సీతాఫలాల కాలం. దారి పక్కన తట్టల్లో పెట్టి అమ్ముతుంటారు. కారు సీట్లు జిగట కాకుండా చూసుకోవడం మాత్రం మీ పూచీ.

మన సముద్రం పోచంపాడు

నిర్మల్ నుంచి నిజామాబాద్ వైపు వెళ్తుంటే సోన్ దాటగానే గోదావరి వంతెన వస్తుంది. అది దాటి కాస్త పక్కకు తిరిగితే శ్రీరాంసాగర్ ప్రాజెక్టు. అందరి నోటా మాత్రం ఇప్పటికీ పోచంపాడే! నెహ్రూ 1963 జులై 26న దీనికి శంకుస్థాపన చేశారు. 42 గేట్లు. జలాశయం నిండుగా ఉన్నప్పుడు, అంటే 1,091 అడుగుల మట్టానికి చేరినప్పుడు కట్ట దగ్గర నిలబడి చూస్తే అవతలి ఒడ్డు కనిపించదు. పడమటి గాలి వీచిందంటే అలలు నిజంగానే లేస్తాయి. కట్ట రాళ్లకు కొట్టుకుని తుంపర మొహాన పడుతుంది. పిల్లలకు ఇంకేం కావాలి?

గేట్లు ఎత్తిన రోజైతే సరేసరి. తెల్లటి నురగ, పొగమంచులా లేచే తుంపర, చుట్టూ తిరునాళ్లలా జనం. పక్కనే కాల్చిన మక్క కంకులు, వేడివేడి చేపల వేపుడు. గేట్లు లెక్కపెట్టే పని పిల్లలకు అప్పజెప్పండి, ఓ పావుగంట మీకు తీరిక దొరుకుతుంది. ముప్పై దాటాక ఎక్కడో తప్పుతారు, మళ్లీ మొదట్నుంచి మొదలెడతారు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. గేట్లు మూసి ఉన్నప్పుడు డ్యామ్ కింద నదిలో ఇసుక మేటలు, బండలు బయటపడి అచ్చం బీచ్‌లానే కనిపిస్తాయి. పిల్లలు అటే లాగుతారు. అక్కడికి దిగొద్దు. పైనుంచి వరద వస్తే గేట్లు ఏ వేళలోనైనా ఎత్తుతారు. సైరన్ మోగినా, ఆడుకుంటున్న పిల్లల్ని పోగేసి ఒడ్డెక్కే లోపు నీళ్లు చుట్టుముట్టొచ్చు.

జలాశయం వెనకవైపు కథ వేరు. నిజామాబాద్ వైపు బ్యాక్‌వాటర్ ఒడ్డును కుర్రాళ్లు ‘మినీ గోవా’ అంటూ ఫొటోలు దిగుతుంటారు. పచ్చిక మైదానం, దాని చివర నీలంగా నీరు, అదృష్టం బాగుంటే దూరంగా కృష్ణజింకల మందలు. చూడ్డానికి గోవాను మించే ఉంటుంది కానీ కాళ్ల కింద ఉన్నది ఇసుక కాదు, ఒండ్రు మట్టి. పైన ఎండి పగుళ్లిచ్చినట్టు కనిపిస్తుంది, అడుగేస్తే మోకాలిదాకా దిగబడుతుంది. పచ్చిక మీదే గాలిపటాలు, క్రికెట్. నీళ్లను దూరం నుంచి చూస్తే చాలు.

అమ్మమ్మనో నానమ్మనో వెంట తీసుకెళితే ఈ ఒడ్డున ఇంకో సంగతి తెలుస్తుంది. ఈ నీళ్ల కింద ఊళ్లున్నాయి. ఆనాటి ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో ఎన్నో పల్లెలు పొలాలతో, బావులతో, గుళ్లతో సహా మునిగిపోయాయి. నీళ్లు బాగా తగ్గిన ఏడు, పాత గుడి గోడలు బయటపడే చోట్లున్నాయి. ‘మా ఇల్లు గాడ్నే ఉండె బిడ్డా’ అని పెద్దావిడ నీళ్లకేసి వేలు చూపిస్తే, అప్పటిదాకా గోల చేస్తున్న పిల్లలు ఠక్కున ఆగిపోతారు. నీళ్లలోకి ఓ రాయి విసరబోయిన చెయ్యి అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత ప్రశ్నలే ప్రశ్నలు... చెట్లేమయ్యాయి, కుక్కలేమయ్యాయి, బడి ఎక్కడుండేది? ఏ బీచ్‌లోనూ ఈ కబుర్లు దొరకవు.

చూసే నీళ్లు వేరు, ఆడే నీళ్లు వేరు

ఇక హోరు. అందుకు ఉత్తరంగా ఆదిలాబాద్ దారి పట్టాలి. నేరడిగొండ దగ్గర జాతీయ రహదారి దిగి, అడవి దారిలో ఓ పన్నెండు కిలోమీటర్లు వెళితే కుంటాల. కడెం వాగు ఇక్కడ 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. అంటే పదిహేనంతస్తుల మేడంత. శకుంతల పేరు మీదే ఈ ఊరికి కుంటాల అన్న పేరు వచ్చిందని, ఆమె దుష్యంతుణ్ని కలుసుకున్నది ఈ అడవిలోనేనని స్థానికులు చెప్పుకుంటారు. జలపాతం దగ్గర రాతి గుహలో సోమేశ్వరుడున్నాడు. శివరాత్రికి జనం బారులు తీరతారు.

కిందికి దిగడానికి వందల మెట్లు. దిగేటప్పుడు పిల్లలు ముందు, పెద్దలు వెనక. ఎక్కేటప్పుడు పెద్దలు రొప్పుతూ, వాళ్ల భుజాల మీద పిల్లలు. అయిదేళ్లలోపు వాళ్లుంటే పైనున్న చోటు నుంచి చూపించి వెనక్కి రావడమే మేలు. మెట్లు దిగుతుంటే మొదట హోరు వినిపిస్తుంది, తర్వాత గాలిలో చల్లదనం తగులుతుంది, ఆఖరున చెట్ల సందులోంచి తెల్లటి ధార. ఆ వరస పిల్లలు ఎన్నాళ్లయినా మర్చిపోరు.

అయితే కుంటాల చూసే నీళ్లు, ఆడే నీళ్లు కావు. బీచ్‌లో నేల వాలుగా, మెల్లగా లోతవుతుంది. జలపాతం కింద అలా కాదు. ఏళ్ల తరబడి నీళ్లు, గులకరాళ్లు సుడి తిరిగి బండలో గుండాలు తొలిచేశాయి. చీలమండ లోతు నీళ్లలో నిల్చున్నవాడి మరో అడుగు నిలువెత్తు గుంతలో పడొచ్చు. బండల మీద పాచి సబ్బులా జారుతుంది. ఈత వచ్చిన కుర్రాళ్లు కూడా ఇక్కడ మునిగిపోయింది అందుకే. వరస ప్రమాదాల తర్వాత కంచె వేశారు, హెచ్చరిక బోర్డులు పెట్టారు. ఆ కంచె దాటి సెల్ఫీలు దిగేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటారు. పిల్లల ముందు పెద్దలే కంచె దూకితే ఇక బోర్డులెందుకు?

అదేరోజు పొచ్చెర కూడా చూడొచ్చు. బోథ్ వెళ్లే దారిలో ఉంటుంది. ఎత్తు 20 మీటర్లే, కానీ వెడల్పుగా పరుచుకుని దూకుతుంది. నడక తక్కువ, చెట్ల నీడ ఎక్కువ. బుడ్డోళ్లున్న కుటుంబానికి కుంటాల కన్నా పొచ్చెరే హాయి అని నా ఓటు. ఇక్కడా గుండం లోతే సుమా, దిగే ఆలోచన పెట్టుకోవద్దు. సద్ది మూట విప్పడానికి మాత్రం ఇంతకన్నా మంచి చోటు దొరకదు. సర్వపిండి, పులిహోర, సకినాలు... హోరు వింటూ తింటుంటే మామూలుగా రెండు ముద్దలకే మొరాయించేవాళ్లు కూడా ఇంకోటి అడుగుతారు.

కుంటాలలో దూకిన ఆ నీళ్లే కొండల్లోంచి ప్రయాణం చేసి కడెం ప్రాజెక్టుకు చేరతాయి. ఖానాపూర్ మీదుగా వెళితే నిర్మల్‌కు యాభై కిలోమీటర్ల దూరం. 18 గేట్ల ఈ చిన్న ప్రాజెక్టు చరిత్ర పెద్దది. కడుతుండగానే 1958 వరదల్లో కట్ట తెగింది. 2022 జులైలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ముంచుకొచ్చింది. గేట్లన్నీ ఎత్తినా దాదాపు 3 లక్షలు మాత్రమే వదలగల ప్రాజెక్టు ఇది! నీళ్లు పైనుంచి పొర్లాయి, దిగువ ఊళ్లు ఖాళీ చేయించారు, రాత్రంతా జిల్లా ఊపిరి బిగబట్టింది. కట్ట నిలిచింది. మామూలు రోజుల్లో చూస్తే ఇది అదేనా అనిపిస్తుంది, అంత ప్రశాంతంగా ఉంటుంది. కొండల నడుమ చెరువులా అద్దం పరిచినట్టుంటుంది. పర్యాటక శాఖ రిసార్టు ఉంది. బోటు నడుస్తోందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కించకండి. అక్కణ్నుంచి జన్నారం, కవ్వాల్ అడవి దగ్గరే. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. పులి కనిపిస్తుందని మాత్రం పిల్లలకు మాటివ్వకండి. చుక్కల దుప్పులు కనిపిస్తే చాలు.

మరి కాళ్లు తడుపుకోవడమో? బాసర ఉంది. మెట్ల ఘాట్, పక్కన గోదావరి, గుళ్లో అక్షరాభ్యాసానికి వచ్చిన బుజ్జిగాళ్ల ఏడుపులు. ఇక్కడ కూడా ఘాట్ మెట్ల మీద, పెద్దల చేయి పట్టుకునే మునకలు. నది మధ్య ఇసుక దిబ్బల వైపు వెళ్లనివ్వకండి. 2025 జూన్‌లో హైదరాబాద్ నుంచి దర్శనానికి వచ్చిన అయిదుగురు యువకులు ఈ గోదావరిలోనే మునిగిపోయారు. ఇసుక గూళ్లంటారా, ఒడ్డున పొడి ఇసుక ఉన్నచోట, చెంబుతో నీళ్లు తెచ్చి పోసుకుని కట్టుకోవచ్చు. కూలిపోతే మళ్లీ కట్టుకుంటారు.

వాన పడితే బొమ్మల దగ్గరికి

ఓ రోజు ముసురు పట్టి ఎటూ కదల్లేకపోతే ఊళ్లోనే పని ఉంది. నిర్మల్ బొమ్మలు తయారుచేసే నకాషీ కళాకారుల కాలనీకి వెళ్లండి. పొనికి కర్ర ముక్క ఒకటి పిల్లల చేతికివ్వమని అడగండి. కర్ర అనుకుని బలంగా పట్టుకుంటారు, తీరా చూస్తే దూదంత తేలిక! ఆ కర్రను చెక్కి, చింతగింజల బంక, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు సరిచేసి, ఎండబెట్టి, రంగులేస్తారు. సీతాఫలం, మామిడిపండు, జింక, చిలుక. నిజం పండనుకుని కొరకబోయిన పిల్లలున్నారు. ఈ కళకు భౌగోళిక గుర్తింపు ఉంది కానీ, పొనికి చెట్టు అడవిలో అరుదైపోతోంది. బేరమాడే ముందు ఆ సంగతి ఓసారి గుర్తుచేసుకోవచ్చు.

ఎలా వెళ్లాలంటే... హైదరాబాద్ నుంచి నిర్మల్‌కు 44వ నంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్ల పైచిలుకు, బస్సులకు కొదవ లేదు. రైల్లో వచ్చేవాళ్లు నిజామాబాద్‌లోనో బాసరలోనో దిగాలి. కుంటాల, పొచ్చెరలకు బస్సు నమ్ముకుంటే చాలా దూరం నడవాల్సి వస్తుంది, నిర్మల్‌లోనే కారో జీపో మాట్లాడుకోండి. పొద్దున ఏడింటికల్లా బయల్దేరి, చీకటి పడకముందే అడవి దారి దాటేయాలి. డిక్కీలో తలా ఓ జత పొడి బట్టలు, రెండు తువ్వాళ్లు, జారని చెప్పులు. సీతాఫలాలు తిన్నాక చేతులు కడుక్కోవడానికి ఓ క్యాన్ నీళ్లు కూడా.