పాత కంప్యూటర్ మూగబోతే...

మిక్సీ తిరగకపోతే మనం ఏం చేస్తాం? ముందు ప్లగ్గు చూస్తాం. మాడు వాసన వస్తోందేమో చూస్తాం. అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కి చూస్తాం. అప్పటికీ కదలకపోతేనే షాపుకి పంపిస్తాం. అదే కంప్యూటర్ ఆన్ కాకపోతే మాత్రం "అమ్మో, మనకేం తెలుసు!" అని దూరం జరుగుతాం. ఇంటర్‌తో చదువు ఆపేసిన నాలాంటి గృహిణి కూడా దాని జబ్బు కొంతవరకు పట్టగలదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. మిరప, పత్తి తప్ప ఇంకో మాట వినపడదు. 2011లో మావారు ఎరువుల కొట్టు పెట్టినప్పుడు బిల్లుల కోసం కొన్న కంప్యూటర్ ఇది. కొట్టు ఎత్తేశాక ఇంటికి తెచ్చి వరండా గదిలో పెట్టాం. కౌలు లెక్కలు, పత్తి తీత కూలీల లెక్కలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చి టిక్కీల లెక్కలు అన్నీ నేను అందులోనే రాస్తాను.

లెక్కలదేముంది, పుస్తకంలోనూ ఉంటాయి. కానీ 2016 కృష్ణా పుష్కరాలకి అమరావతి వెళ్ళినప్పుడు తీసిన ఫొటోలు ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అవి తీసిన ఫోను ఏనాడో పోయింది. తడి చీరతో, నెత్తి మీద నీళ్ళు కారుతుంటే మా అత్తయ్యగారు పకపకా నవ్విన ఫొటో అందులో ఒకటి. ఆవిడ ఇప్పుడు లేరు. సంవత్సరీకానికి ఆ ఫొటోనే పటం కట్టిద్దామని మావారి కోరిక. సరిగ్గా అప్పుడే అది మొండికేసింది. స్విచ్ వేస్తే లోపల ఫ్యాను తిరుగుతోంది, కీయ్... కీయ్... అని ఆగి ఆగి అరుస్తోంది, తెర మీద మాత్రం చీకటి.

రిపేరు షాపతనికి ఫోన్ చేస్తే, "పదేళ్ళు దాటిందా? ఇక స్క్రాపేనమ్మా, కొత్తది తీసుకోండి" అన్నాడు, చూడకుండానే.

"ఆ డబ్బాని ఇనప సామాన్లవాడికి వేసెయ్" అన్నారు మావారు. కాసేపాగి, "అయితే అమ్మ ఫొటో పోయినట్టేగా" అని నెమ్మదిగా అన్నారు. ఆ మాట నా మనసుకి తగిలింది.

"ఉండండీ, చూద్దాం" అన్నాను.

ముందు కరెంటు సంగతి. మన పల్లెల్లో మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే వోల్టేజి పడిపోతుంది. అదే ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టి చూశాను, బాగానే కాలింది. డబ్బా వెనక చిన్న స్విచ్ ఒకటుంటుంది, అదీ వేసే ఉంది. మానిటర్ లైటు వెలుగుతోంది, వైరు గట్టిగానే ఉంది. అంటే జబ్బు డబ్బా లోపలే.

ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకున్నాను. మిగిలిన కరెంటు పోవడానికి అలా చెయ్యాలి. పెరట్లోకి తెచ్చి పక్క రేకు విప్పితే, ఏం చెప్పమంటారు! వాకిట్లో ఆరబోసిన మిరపకాయల దుమ్మూ, పత్తి నూగూ కలిసి లోపల పరుపులా పేరుకుంది. ముక్కుకి కొంగు కట్టుకుని, పొడిగా ఉన్న పెయింటు కుంచెతో మెల్లగా దులిపాను. తడిగుడ్డ పెట్టకూడదు. కరెంటు వైరు వెళ్ళే ఇనప పెట్టెని మాత్రం అస్సలు విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా అందులో షాకు కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది.

అరుపు సంగతి మా మేనల్లుడు ఫోన్లో చెప్పాడు. అది తన బాధ చెప్పుకోవడమేనట. ఒక్కో కంపెనీకి ఒక్కో రకం అరుపు. మాది ర్యామ్ సరిగ్గా అంటుకోవట్లేదనే అరుపు. రెండు వైపులా క్లిప్పులు నొక్కితే ఆ పొడుగు పట్టీ ఊడి వస్తుంది. ముందు చేత్తో డబ్బా ఇనుముని తాకి, తర్వాత అంచులు పట్టుకుని తీశాను. దాని బంగారు రంగు పళ్ళని పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు తుడిచి, టక్ మనేదాకా నొక్కి బిగించాను.

స్విచ్ వేస్తే ఒక్క కూత కూసి తెర వెలిగింది! కానీ తేదీ 2009 చూపిస్తూ ఎఫ్1 నొక్కమని ఆగింది. అది లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయిందనడానికి గుర్తు. సీఆర్ 2032 అని అడిగితే వాచీల షాపులో కూడా ఇస్తారు. కొత్తది వేసి తేదీ సరిచేశాను.

నవ్వుతున్న అత్తయ్యగారు తెర మీదికి రాగానే మావారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒక్క జాగ్రత్త. లోపల్నుంచి టక్ టక్ మని చప్పుడొస్తే అది హార్డ్ డిస్క్ జబ్బు కావచ్చు. వెంటనే ఆపేసి తెలిసినవాళ్ళకి చూపించండి. విండోస్ 7కి 2020 జనవరి 14తో కంపెనీ రక్షణ ఆగిపోయింది కాబట్టి అలాంటి పాత మిషన్‌లో బ్యాంకు పనులు వద్దు.

ఏడాది ఆవకాయని మనం ఒకే జాడీలో పెట్టం కదా! ఒకటి బూజు పట్టినా రెండోది ఉంటుందని ధీమా. ఫొటోలూ అంతే. ఒక పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, పిల్లల దగ్గర ఒక కాపీ ఉంచండి. యంత్రం పాతబడితే ఇంకోటి కొనుక్కోవచ్చు. పోయినవాళ్ళ నవ్వు ఏ షాపులోనూ దొరకదు.