ఎక్కడ నున్నాడు?

ఇంటికి రావలసిన మనిషి వేళకు రాకున్నచో ఇంటివారు మొదట నడుగు ప్రశ్న యొక్కటే: ఎక్కడ నున్నాడు? అతడు మంచివాడా చెడ్డవాడా, ఏ పక్షమువాడు అనునది తరువాతి సంగతి. ఈ ప్రశ్నను తల్లికి ఎవరును నేర్పనక్కరలేదు. కాని దీనికి జవాబు చెప్పవలసిన బాధ్యత తమకు కలదని దొరతనములకు నేర్పుటకు శతాబ్దములు పట్టినది. న్యాయస్థానములలో హెబియస్ కార్పస్ అని పిలువబడు అర్జీ యొక్క సారమంతయు నిదియే. "మీరు పట్టుకొనిపోయిన మనిషిని మా యెదుట నిలువబెట్టుడు, ఏ చట్టముచేత పట్టితిరో చెప్పుడు" అని న్యాయాధిపతి అధికారిని ఆజ్ఞాపించుటయే అది.

ఈ మాట నిప్పుడు ప్రస్తావించుటకు కారణము కలదు. మా బంధుమిత్రులలో చదువును దయయు గల పెద్దలు కొందరు 1975 నాటి అత్యవసర పరిస్థితిని తలచుకొని, "ఆ రోజులే నయము. రైళ్లు వేళకు నడిచినవి, గుమాస్తాలు వేళకు కచేరీలకు వచ్చిరి" అని నిట్టూర్చుట మేము పలుమారులు వినియున్నాము. వారిని మేము పరిహసింపము. లంచములకును జాగులకును విసిగిన గృహస్థుడు క్రమశిక్షణ యను మాట వినగానే సంతసించుట సహజము. అయినను, చెల్లించిన వెల యెంతయో చూడక సరకును మెచ్చుకొనుట ఇల్లు నడుపువారి లక్షణము గాదు గదా!

ఆ వెల యేమో చూతము. 1975 జూన్ 25వ తేది రాత్రి, ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారి సలహాపై రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌గారు అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకము చేసిరి. తెల్లవారక మునుపే జయప్రకాశ్ నారాయణ్ మొదలగు నాయకులు నిర్బంధింపబడిరి. ఢిల్లీలో పత్రికల ముద్రణశాలలకు విద్యుత్తు నిలిచిపోయినది. 1977 మార్చివరకు సాగిన ఆ కాలమున లక్షమందికి పైగా చెరసాలల పాలైరని తరువాత షా విచారణ సంఘము లెక్క తేల్చినది. మీసా యను చట్టమును సవరించి, పట్టుబడినవానికి కారణము తెలుపనక్కరలేదనిరి; న్యాయస్థానమునకును తెలుపనక్కరలేదనిరి.

అయినను తొమ్మిది హైకోర్టులు, అడుగు హక్కు నిలిచియే యున్నదని తీర్పు చెప్పినవి. ప్రభుత్వము సుప్రీంకోర్టు కెక్కినది. అచట జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నాగారు ప్రభుత్వ న్యాయవాదిని, ప్రాణమే అక్రమముగా తీయబడినచో దిక్కేమని ప్రశ్నించిరి. అటార్నీ జనరల్ నీరేన్ డేగారి వాదము ప్రకారము, అత్యవసర పరిస్థితి యున్నంతకాలము దిక్కు లేదనియే తేలినది. 1976 ఏప్రిల్ 28న ఐదుగురిలో నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వ పక్షమునే సమర్థించిరి. ఖన్నాగారొక్కరే కాదనిరి. 1977 జనవరిలో ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయన వెనుకటివారి కీయబడగా, ఆయన రాజీనామా చేసి వెడలిపోయిరి.

తీర్పులలోని మాటలు ఇండ్లలో నేమగునో కేరళమునకు పోయి చూతము. కాలికట్‌లోని ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో చదువుచున్న రాజన్ అను విద్యార్థిని 1976 మార్చి 1న పోలీసులు పట్టుకొనిపోయిరి. తండ్రి ఈచరవారియర్‌గారు హిందీ ఆచార్యులు. ఆయన అధికారుల గడపలన్నియు తిరిగిరి, అర్జీలు వ్రాసిరి. జవాబు లేదు. కుమారుడు ఏ వేళనైనను రావచ్చునని తలచి, వానికొరకు అన్నమును ఒక అరటియాకును ఉంచుమని భార్యతో చెప్పుచుండెడివాడనని ఆయన తన స్మృతులలో వ్రాసికొనిరి. అత్యవసర పరిస్థితి తొలగిన వెంటనే, 1977 మార్చిలో, ఆయన హైకోర్టులో హెబియస్ కార్పస్ అర్జీ వేసిరి. ఏప్రిల్ నెలలో ఆ న్యాయస్థానము రాజన్‌ను తెచ్చి చూపుడని ఆజ్ఞాపించినది. చూపుటకు రాజన్ లేడు. పోలీసుల చేతిలోనే మరణించెనని తేలినది. అత్యవసర కాలమున హోంమంత్రిగా నుండి అప్పటికి ముఖ్యమంత్రియైన కరుణాకరన్‌గారు పదవి వదలుకొనవలసివచ్చినది. దేహము మాత్రము నేటికిని దొరకలేదు.

చదువరు లొక్క క్షణ మాలోచింతురు గాక. 1976లో వినువారు లేని ప్రశ్నయే 1977లో ఒక ముఖ్యమంత్రిని గద్దె దింపినది. తండ్రి మారలేదు, ప్రశ్న మారలేదు. ప్రశ్నను వినవలసిన చోట తలుపు తెరువబడినది, అంతియే.

ఈ కథ తెలుగువారికి దూరమైనది గాదు. పఠాభి యని మనమెరిగిన కవి తిక్కవరపు పట్టాభిరామిరెడ్డిగారి సతీమణి, నటీమణి స్నేహలతారెడ్డిగారు 1976 మే నెలలో నిర్బంధింపబడి బెంగుళూరు చెరసాలలో ఎనిమిది నెలలు గడపిరి. ఆమెకు ఉబ్బసము కలదు. అది చెరలో ముదిరినది. 1977 జనవరి 15న బయటికి విడిచిరి. 20వ తేదిన ఆమె కన్నుమూసిరి. ఆమెపై ఏ నేరమును రుజువు కాలేదు. రైళ్లు వేళకు నడిచినవని చెప్పుకొను ఆ రోజులలోనే ఆమెకు తగిన వైద్యము వేళ కందలేదు.

"నేరము చేయనివానికి భయమేల?" అని కొంద రడుగుదురు. నేరము చేసినాడా లేదా యని తేల్చు చోటునే మూసివేసిన పిమ్మట, చేసినవానికిని చేయనివానికిని భేదమెట్లు తెలియును? నిర్దోషి తన నిర్దోషత్వమును ఎవరితో చెప్పుకొనును?

పాఠము కొంత నేర్చినాము. 1978లో చేసిన 44వ రాజ్యాంగ సవరణచేత, ప్రాణమునకును స్వేచ్ఛకును సంబంధించిన 21వ అధికరణమును కాపాడుకొనుటకు న్యాయస్థానమున కేగు హక్కును అత్యవసర కాలమునందైనను నిలిపివేయరాదని ఏర్పరచిరి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు ఆ 1976 నాటి తీర్పు తప్పని కొట్టివేసినది. అట్లు వ్రాసినవారు డి.వై. చంద్రచూడ్‌గారు. నాడు ప్రభుత్వ పక్షమున నిలిచిన నలుగురిలో వారి తండ్రిగారొకరు. తండ్రి మాటను గౌరవముతోనే కాదనవచ్చునని మన కుటుంబములు నేర్చుకొనదగిన దృష్టాంత మిది.

అయినను నిశ్చింతగా నుండుటకు వీలులేదు. ముందుజాగ్రత్త నిర్బంధమునకు మన రాజ్యాంగమునందే, 22వ అధికరణమున, చోటు కలదు. 1980 నాటి జాతీయ భద్రతా చట్టము క్రింద మనిషిని నేరవిచారణ లేకయే 12 నెలలవరకు చెరలో నుంచవచ్చును. ఈ చట్టములు ఏ పక్షమువారి చేతిలోనైనను పదునుగానే యుండును. నేడు మనకు గిట్టనివానిపై ప్రయోగింపబడినప్పుడు మనము మెచ్చుకొన్నచో, రేపు మనవానిపై ప్రయోగింపబడునప్పుడు మన మాటకు విలువ యుండదు.

కావున గృహస్థులకును గృహిణులకును మా మనవి స్వల్పము. ఎవరినో పట్టుకొనిపోయిరని విన్నప్పుడు, వాని కులమును పక్షమును విచారించుటకు ముందు, వాడెక్కడ నున్నాడు, ఏ న్యాయాధిపతి చూచినాడు అని యడుగుట మన పిల్లలకు నేర్పుదము. ఇంటిలో ప్రశ్నించిన బిడ్డను తలబిరుసువాడని కసరువారు, వీధిలో ప్రశ్న కరవైనదని వగచుట తగదు. జవాబు నచ్చకపోవచ్చును, ఆలస్యము కావచ్చును. అడుగువాడొకడును వినువాడొకడును ఉన్నంతవరకే పోయిన మనిషి తిరిగివచ్చునను ఆశ కలదు.