పళ్లతో తీసిన పడవల ఫొటోలు

పాత ఫొటోల్లో తెరచాప పడవలు చూస్తూ కూర్చుంటే నాకు పొద్దే తెలియదు. ముఖ్యంగా ఇంగ్లండ్ దక్షిణాన, వైట్ ద్వీపంలోని కౌస్ రేవులో ఫ్రాంక్ బెకెన్ తీసినవి. ఆయనకు బతుకుతెరువు మందుల షాపు, పిచ్చి మాత్రం పడవలు. ఊగిపోయే చిన్న బోటులో నిలబడి పెద్ద చెక్క కెమెరాను రెండు చేతులా పట్టుకోవాలి. మరి షట్టర్ నొక్కేదెలా? రబ్బరు బంతి ఒకటి నోట్లో పెట్టుకుని, అదను చూసి కొరికేవాడు. అదీ గాజు పలకల మీద! ఒకటి పాడైతే, రెండోది ఎక్కించేలోగా పడవ దాటిపోతుంది.

ఆయన తీసిన వాటిలో ఐదో జార్జి రాజుగారి పందెపు పడవ ‘బ్రిటానియా’ ఒకటి. 1893లో నీళ్లకు దిగింది. రాజు పోయాక, ఆయన కోరిక ప్రకారమే 1936లో దాన్ని సముద్రంలో ముంచేశారు. దాని పరుగు చూడాలంటే ఇక ఫొటోలే దిక్కు.

అయితే నా చూపు తెరచాప మీద ఎంతోసేపు నిలవదు. కిందికి దిగి, డెక్కు మీద వరసగా తాడు లాగుతున్న వాళ్ల దగ్గర ఆగుతుంది. ఇలాంటి పడవల్లో ఎసెక్స్ తీరపు పల్లెల జాలర్లు ఎందరో పనిచేసేవారు. చలికాలం చేపల వేట, ఎండాకాలం దొరల పడవలో జీతం. ఒకరి షికారు, ఇంకొకరి కూలి. ఫొటో కింద పడవ పేరుంటుంది, యజమాని పేరుంటుంది. తాడు లాగినవాడి పేరు వెతికి రాసేవాళ్లుంటేనే విలాసాల చరిత్ర పూర్తవుతుందని నాకనిపిస్తుంది.